తక్కువ ధరకు దొరికిన తోలు సూట్

ఖర్చు తగ్గించడంలో తారకేశ్‌ను మించినవాడు ఆటోనగర్‌లో లేడు. మోటార్‌సైకిల్ రేసంటే డబ్బున్నోళ్ళ ఆటని అందరూ అంటుంటే, ఇశ్రాయేలు మేస్త్రి షెడ్డులో మూడేళ్ళుగా పని నేర్చుకుంటున్న ఈ మహానుభావుడు జీతం డబ్బులతోనే ఆదివారం చెన్నైలో రేసుకు దిగబోతున్నాడు. కొత్తవాళ్ళ తరగతిలోనే అనుకోండి, అయినా రేసు రేసే కదా.

మధ్యాహ్నం గురువు ముందు నిలబడి చెప్పుకొచ్చాడు.

"బండి మామూలు ఫోర్ స్ట్రోకే గురువుగారూ, ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు నడిపేదే. పాతది కొని నేనే విప్పి బిగించాను. టైర్లు ఎవరో రెండు రేసులు వాడినవి. ఎంట్రీ ఫీజు కట్టేశాను, అది వెనక్కి రాదు. సూట్ ఒక్కటే భయపెట్టింది. అది లేనిదే ట్రాక్ మీదికి రానివ్వరు, కొత్తదేమో బండికన్నా ఎక్కువ. పాతది దొరికింది. ఎంతకో చెబితే మీరు నమ్మరు."

సంచిలోంచి నల్లటి తోలు సూట్ తీశాడు. కొలతలిచ్చి కుట్టించినట్టు సరిపోయిందట. ఆ గర్వం చూస్తే ఎవరికైనా ముద్దొచ్చేది.

"ఎవరిదిరా?"

"తెనాలి అబ్బాయిదండి. వాళ్ళమ్మగారు ఇచ్చారు. అతనిప్పుడు నడపడం లేదట."

"ఎందుకు నడపడం లేదో అడిగావా?"

తారకేశ్ నసిగాడు. "లేదండి. ఆవిడ బేరం కూడా ఆడలేదు. ఇచ్చిన డబ్బు లెక్కపెట్టుకోను కూడా లేదు."

సూట్ వేసుకుని బండెక్కమన్నాడు మేస్త్రి. వెనక చక్రం స్టాండు మీద గాల్లో ఉంది. ఇంజన్ తనే స్టార్ట్ చేశాడు.

"కళ్ళు మూసుకో. హ్యాండిల్ వదిలెయ్. ఒళ్ళు కూడా వదిలెయ్."

ఇదేం పరీక్షండీ అని నవ్వుతూనే వదిలేశాడు తారకేశ్.

మేస్త్రి యాక్సిలరేటర్ తిప్పాడు. ఇంజన్ మోత పెరిగేకొద్దీ తోలు కిర్రుమంది. తారకేశ్ నడుం ముందుకు వంగింది, తర్వాత ఎడమకు ఒరిగింది. రేసు సూట్లు వంగి కూర్చోవడానికి వీలుగానే కుడతారు, ఆ వంపే అయ్యుంటుందిలే అనుకున్నాడు. అంతలో కుడిచెయ్యి లేచి ముఖానికి అడ్డంగా వచ్చి ఆగింది.

"చెయ్యెందుకు ఎత్తావు?"

"నేనెత్తలేదండి."

"దించు."

"దిగట్లేదు గురువుగారూ."

మేస్త్రి ఇంజన్ ఆపాడు. చెయ్యి అలాగే ఉంది. తారకేశ్ ఎడమచేత్తో దాన్ని కిందికి లాగి చూశాడు. "ఆదివారం..." అని ఆగిపోయాడు.

మేస్త్రి దగ్గరికొచ్చి, నిద్రలో ఉన్న పిల్లాడికి చొక్కా విప్పినట్టు మెల్లగా జిప్పు లాగాడు. ఒక్కో చేతినీ, కాలినీ బయటికి తీసి, శిష్యుణ్ణి కిందికి దించాడు. తోలు మాత్రం బండి మీదే ఉండిపోయింది. ఎడమకు ఒరిగి, ఖాళీ చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.



"ఆదివారం వెళ్తావో లేదో నీ ఇష్టం," అన్నాడు మేస్త్రి. "ఈ తెనాలి అబ్బాయైతే బండి మీంచి ఇంకా పడుతూనే ఉన్నాడు."