కట్ట కింద కాపురం

వానలు మొహం చాటేసే సీమ అది. అక్కడ చెరువు కట్టినవాళ్లకు దాని కింది పొలంలో పదో వంతు శాశ్వతంగా ఇస్తానని రాజు చాటింపు వేయించాడు. సుంకులమ్మ అనే మట్టిపని మనిషి ముప్పై కుటుంబాలను వెంటబెట్టుకొచ్చి, మూడేళ్లు మట్టి మోసి కట్ట లేపింది. తీరా రాజు చూడవచ్చే రోజుకు అధికారి భూపతయ్య కట్ట మీద తన పేరున్న రాయి పాతించాడు.

"ఈ చెరువు నేనే కట్టాను ప్రభూ. ఈవిడ ఉత్త కూలీది," అన్నాడు.

సుంకులమ్మ తట్ట కింద పెట్టింది. "అట్లే కానీ సామీ. మా మట్టిపనోళ్ల ఆచారం ఒకటుంది. కట్ట కట్టినోడు మొదటి వానాకాలం పెళ్లాంబిడ్డలతో ఆ కట్ట కిందే కాపురముండాల. రాండి, గుడిసె నేనేసిపెడతా."

న్యాయంగానే ఉందని రాజు తలూపాడు. అప్పటికే కొండల మీద మబ్బు పట్టింది. తాటిచెట్టంత కట్టను చూసి భూపతయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"లోపల ఏం మట్టి పోశారో, ఎంత తొక్కారో నాకేం తెలుసు ప్రభూ! తెగితే నా పిల్లలు కొట్టుకుపోరూ?"

"నీకు తెలీదు గదా," అంది సుంకులమ్మ. "నాకు తెలుసు. ప్రతి తట్టా తెలుసు."

"మరి నువ్వుంటావా?" అన్నాడు రాజు.

ఆమె కట్ట కింద పొగ లేస్తున్న గుడిసె వైపు వేలు చూపించింది.

"పోయిన నెల నుంచే ఉండాం దొరా. బాలింత కూతురు లోపల పండుకోనుంది. మా పొలంతో పాటు ఆ రాయి కూడా ఇప్పించండి. గుడిసెకు ఇంకా గడప లేదు."