ఒక ఆకు ఎక్కువ

అక్కడివాళ్లు ఇప్పటికీ ఒప్పుకోరు గానీ, ఒకానొక రాజ్యంలో ఉద్దండరాయలనే రాజు ఉండేవాడు. ఆయనకు యుద్ధం చేయడం వచ్చు, శాసనాలు వేయించడం వచ్చు, ఎదుటివాడి మాట వినడం మాత్రం రాదు. తనకు తెలియనిది ఒకటి ఉందని ఒప్పుకోవలసి వస్తే జ్వరం వచ్చినంత పనయ్యేది.

ఆయన భార్య వెంగమాంబ పోయి మూడేళ్లయింది. బతికున్నన్నాళ్లూ కోటలో ఏ విందు జరిగినా నేతి గిన్నె ఆవిడే పట్టుకుని బంతుల మధ్య తిరిగేది. "ఇంకొక్క చుక్క, నా మాట కాదనకండి" అంటూ సామంతుడికీ గుర్రాలు కాసేవాడికీ ఒకేలా వడ్డించేది. అందరూ తిన్నాక తాను తిని, విస్తరాకు తనవైపుకు మడిచి, అది విచ్చుకోకుండా మీద మంచినీళ్ల చెంబు పెట్టి లేచేది. రాణివై ఉండి ఈ పల్లెటూరి అలవాటేమిటని రాజు విసుక్కునేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేది. మర్నాడు మళ్లీ ఆకు మీద చెంబు ఉండేది.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు చిన్నాంబకు పెళ్లి కుదిరింది. వియ్యాలవారు పెద్ద రాజ్యం వాళ్లు. విందులో వడ్డన ఏ పద్ధతిలో జరగాలన్న దాని మీద కొలువులో మూడు రోజులు చర్చ నడిచింది. బంతులు వేసి కొసరి కొసరి వడ్డించడమే మన మర్యాద అన్నారు కొందరు. రేవుపట్నంలో వర్తకులు పొడవాటి బల్ల మీద అన్నీ పెట్టేస్తారనీ, ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకుని నిలబడి తింటారనీ సేనాపతి చెప్పాడు. రాజుల వియ్యంకులు పళ్లెం పట్టుకుని వరసలో నిలబడతారా అని రాజు ఆయన నోరు మూయించాడు. చివరికి తానే ఒక పద్ధతి కనిపెట్టి, దానికి గంభీర భోజనం అని పేరు పెట్టాడు.

రాణి పోయిన దగ్గర్నుంచీ విందుల సందడి ఆయన చెవికి భరించరానిదిగా ఉండేది. ఆ మాట పైకి చెప్పుకోవడం చిన్నతనమనిపించి హుందాతనం పేరు చెప్పాడు. గంభీర భోజనంలో ఎవరూ మాట్లాడకూడదు. వడ్డనవాళ్లు తెల్లబట్టలు కట్టుకుని, మూతికి తెల్లగుడ్డ చుట్టుకోవాలి. అన్నీ ఒక్కసారే వడ్డించాలి, మారు వడ్డన లేదు. మేళం లేదు, తాంబూలం లేదు. రాజుగారి ఆసనం దక్షిణం వైపున ఉంది కనక అందరూ దక్షిణానికే తిరిగి కూర్చోవాలి. నోరు విప్పినవాడు సూర్యాస్తమయంలోగా పొలిమేర దాటాలి.

ఈ నియమాలు చదువుతుంటే కొలువులో పెద్దవాళ్లందరికీ ఒళ్లు జలదరించింది. అలాంటి భోజనం ఎవరింట్లో, ఏ రోజున పెడతారో అందరికీ తెలుసు. పెళ్లివారింట్లో ఆ మాట ఎవరంటారు? మంత్రిగారైతే పంచె అంచు చూసుకుంటూ కూర్చున్నాడు. ఇలాంటి మంత్రులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది గానీ, ఆ రోజుల్లోనూ వాళ్లే ఎక్కువ.

కోటలో విస్తళ్లు వేసే పని తవిటయ్యది. డెబ్బై ఏళ్లవాడు, నోటికి అదుపు లేనివాడు. అతిథి ఎంతటివాడైనా ఆకు ముందు కూర్చున్నాక వేళాకోళం తప్పదు. చిన్నాంబ అతన్ని పిలిపించింది.

"తాతా, నా పెళ్లికి అమ్మ లేదు. అమ్మ పెట్టినట్టుగానైనా పెట్టించు. ఇలాంటి భోజనంతో నేను అత్తారింటికి వెళ్లలేను" అని ఏడ్చింది. తల్లి పోయిన రోజున కూడా ఆ పిల్ల అంతగా ఏడవలేదు.

తవిటయ్య తిన్నగా రాజు దగ్గరకు వెళ్లాడు. కాదనడానికి వెళ్లలేదు, మెచ్చుకోవడానికి వెళ్లాడు. ఏలినవారి పద్ధతి అద్భుతమన్నాడు. ఆచారం తెలిసిన ప్రభువు కనక ఈ పద్ధతికి ఒక ఆకు ఎక్కువ వేయాలన్న సంగతి కూడా గుర్తుండే ఉంటుందన్నాడు. రాజుకు అలాంటి ఆచారం ఉన్నట్టే తెలియదు. ఆ మాట ఒప్పుకోవడం ఆయన వల్ల కాదు.

"ఆ సంగతి మాకు తెలియదనుకున్నావా? వేయి."

"ఎక్కడ వేయమంటారు ప్రభూ?"

"ఎక్కడ వేయాలో అక్కడే" అన్నాడు రాజు గంభీరంగా.

పెళ్లికి ముందురోజు మధ్యాహ్నం కొత్త పద్ధతిని ఒకసారి నడిపి చూడాలని కొలువువారందరినీ పందిట్లో కూర్చోబెట్టారు. ముందు వరసలో చిన్నాంబ కూర్చుంది. తవిటయ్య రాజుగారి ఎడమ పక్కన, రాణి కూర్చునే చోట, పీట వేసి ఆకు పరిచి పక్కన చెంబుతో నీళ్లు పెట్టాడు. అంతకుముందే పందిరి మీద నాలుగు అన్నం ముద్దలు కూడా పెట్టి వచ్చాడు. కాకులు వచ్చి గోల చేస్తే, ఇది ఏ భోజనమో రాజుకే తడుతుందని అతని ఆలోచన.

మూతులకు గుడ్డలు కట్టిన వడ్డనవాళ్లు అడుగుల చప్పుడు లేకుండా వచ్చారు. ఎవరు వడ్డిస్తున్నారో తినేవాళ్లకు తెలియడం లేదు. అందరికీ వడ్డించినట్టే ఖాళీ పీట ముందున్న ఆకులోనూ వడ్డించి వెళ్లిపోయారు. గాలి ఆగిపోయింది. తోరణంలో మామిడాకు కదలడం లేదు. అన్నం కలుపుతున్న చప్పుడు తప్ప పందిట్లో ఇంకేమీ వినిపించడం లేదు.

కాకులు వచ్చాయి. పందిరి తాటాకుల మీద వాటి గోళ్ల గీకుడు ఒక్కొక్కటిగా వినిపించింది. చాలా కాకులు వచ్చాయి. ఒక్కటీ అరవలేదు, అన్నం ముద్దలు ముట్టలేదు. పందిరి అంచున కూర్చుని లోపలికి చూస్తున్నాయి. వాటిని పిలిచిన తవిటయ్యకే నోరు ఎండిపోయింది.

రాజుకు ముద్ద దిగడం లేదు. తన ఎడమ పక్కన ఎవరో చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చున్నట్టు అనిపించింది. తల తిప్పి చూస్తే భయపడ్డాడనుకుంటారని తిప్పలేదు. నేతి వాసన మాత్రం ఎడమ వైపు నుంచే వస్తోంది.

భోజనం ముగిసింది. అప్పుడు వరసలన్నిటిలోనూ ఒకేసారి చేతులు కదిలాయి. ప్రతివాడూ తన విస్తరాకును అవతలికి మడిచాడు. పెళ్లిళ్లలో ఆకు తనవైపుకు మడుస్తారు, చావింట్లోనే అవతలికి మడుస్తారు. రాజు చూస్తుండగానే చిన్నాంబ చెయ్యి కూడా ఆకును అవతలికే మడిచింది. ఎవరూ వెళ్లొస్తామని సైగ అయినా చేయలేదు. తలలు వంచుకుని లేచి, వడ్డనవాళ్లతో సహా బయటికి నడిచారు. వాకిట్లో తొట్టి దగ్గర కాళ్లు కడుక్కోవడం మొదలుపెట్టారు.

రాజు లేచి, వడ్డించింది వడ్డించినట్టే ఉన్న ఆ ఎక్కువ ఆకు పక్కనే నిలబడిన తవిటయ్య చెయ్యి పట్టుకుని లాక్కుంటూ వాకిట్లోకి వచ్చాడు. ఆకులు అలా మడవమని చెప్పిందెవరని కేకలేశాడు. ఎవరూ బదులు పలకలేదు. నోరు విప్పితే పొలిమేర దాటాలి కదా. చివరికి తవిటయ్యను మాట్లాడమని ఆయనే ఆజ్ఞాపించాడు. పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

"ఎవరూ చెప్పలేదు ప్రభూ. దక్షిణానికి కూర్చోబెట్టి, తెల్లబట్టలతో, నోరు మెదపనివ్వకుండా, మారు వడ్డించకుండా పెట్టే భోజనం ఎవరి పేరు మీద పెడతారో మా బుద్ధికి తెలియకపోయినా చేతులకు తెలుసు. అవే మడిచాయి."

రాజు కూతురి వైపు చూశాడు.

"నేను కావాలని మడవలేదు నాన్నగారూ" అంది చిన్నాంబ.

"అయితే రేపు వియ్యాలవారు..."

"వాళ్లకూ చేతులున్నాయి ప్రభూ" అన్నాడు తవిటయ్య.

మరి ఆ ఎక్కువ ఆకు ఎవరికని రాజు అడిగాడు. ఈ భోజనంలో ఒక ఆకు పోయినవాళ్లకు వేస్తారని తవిటయ్య మెల్లగా చెప్పాడు. నిండుగా వడ్డించిన ఆకు రాణిగారి పీట ముందు ఎవరూ ముట్టకుండా ఉంటే, ఏలినవారు ఒక్కసారి అటు చూస్తారని ఆశపడ్డాననీ, తన ఉపాయం అంతవరకేననీ ఒప్పుకున్నాడు.

గంభీర భోజనం రద్దయిందన్నాడు రాజు. ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చీ రాగానే పందిరి మీద కాకులన్నీ ఒక్కసారిగా అరుస్తూ అన్నం ముద్దల మీద పడ్డాయి.

తవిటయ్య చెయ్యి వదలకుండానే రాజు పందిట్లోకి తిరిగి వచ్చాడు. లోపల ఎవరూ లేరు. వరసల నిండా అవతలికి మడిచిన ఆకులు. రాజుగారి ఎడమ పక్కనున్న ఆకు ఒక్కటే ఇటు, పీట వైపుకు మడిచి ఉంది. దాని మీద మంచినీళ్ల చెంబు ఉంది.

రాజు వంగి చెంబు తీసి ఆకు విప్పాడు. ఒక్క మెతుకు లేదు.

"కాకులు తినుంటాయి" అన్నాడు.

"కాకులు తింటాయి ప్రభూ. మడవవు."

"అయితే ఇది కూడా నీ పనే."

తవిటయ్య తన చేతికేసి చూశాడు. వాకిట్లోకి వచ్చినప్పటి నుంచీ అది రాజు పిడికిట్లోనే ఉంది. రాజు కూడా చూశాడు.

అప్పుడు ఉద్దండరాయలు నవ్వాడు. మూడేళ్లుగా కోటలో ఎవరూ వినని నవ్వు అది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నా ఆగలేదు.

"చెంబు పెట్టవద్దని ఇరవై ఏళ్లు చెప్పానురా తవిటయ్యా. బతికుండగా వినలేదు, పోయాకైనా వింటుందా? నేను చావు భోజనం పెడితే తాను పెళ్లి భోజనం చేసి వెళ్లింది" అన్నాడు. ఆకును మళ్లీ అలాగే పీట వైపుకు మడిచి, దాని మీద చెంబు పెట్టాడు. తన చేతి బంగారు కంకణం తీసి తవిటయ్య చేతికి తొడిగాడు. రేపు బంతిలో నోరు మెదపనివాడే పొలిమేర దాటాలని చాటింపు వేయించాడు.

మర్నాడు పెళ్లి విందు పాత పద్ధతిలోనే, బంతులు వేసి జరిగింది. తవిటయ్య ఒక ఆకు ఎక్కువ వేశాడు. నేతి గిన్నె ఎవరికివ్వాలని వడ్డనవాళ్లు అడుగుతుంటే రాజు వచ్చి తానే అందుకున్నాడు. అందరికంటే ముందు ఆ ఖాళీ పీట దగ్గరకు వెళ్లి, పాత విసుగు కొంచెమైనా లేకుండా, వంగి నెయ్యి వేశాడు.

"ఇంకొక్క చుక్క" అన్నాడు. "నా మాట కాదనకు."