నాలుగు వేళ్ళ ఎత్తు

వీరేశం మాస్టారిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, లేచి చెప్పులు వేసుకుంటారు. అడిగినవాళ్ళు వెంట నడవాల్సిందే. ఆయన దగ్గర చీర అంచులకు డిజైన్లు గీయడం నేర్చుకుంటూ, మగ్గాల షెడ్డు కూడా చూసుకునే హైమావతికి ఈ అలవాటంటే లోలోపల విసుగే.

ఆ రోజు విసుక్కునే తీరిక కూడా లేదు. ఆమె సొంతంగా గీసిన మొదటి అంచు సోమవారం మగ్గం ఎక్కాలి. లేదంటే ఆ మగ్గానికి పాత అంచే కడతారు. ఆమె అంచు గీసిన సాఫ్ట్‌వేరు విండోస్‌ది. మాస్టారి కంప్యూటరేమో లైనక్సుది. పన్నెండేళ్ళ డిజైన్లూ, మగ్గానికి అంచు నమూనా అందించే అట్టలకు చిల్లులు కొట్టే యంత్రమూ దానితోనే నడుస్తున్నాయి. రెంటి నడుమ నిలబడి దీని మాట దానికి చెప్పడానికి వైన్ అనే ప్రోగ్రాం ఉంది. అయినా సాఫ్ట్‌వేరు తెరుచుకోవడం, తెర మీద ఒక చిన్న డబ్బా చూపించడం, మూసుకుపోవడం. హైమావతి రెండు రోజుల్లో నాలుగుసార్లు దాన్ని తీసేసి మళ్ళీ ఎక్కించింది.

“మాస్టారూ, పరాయి ఇంట్లో ఇమడనిదాన్ని ఎన్నాళ్ళని బతిమాలతాం? లైనక్సు పీకేసి విండోస్ ఎక్కించెయ్యనా?” అని అడిగింది.

మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

షెడ్డులో చివరి మగ్గం మీద ఎల్లయ్య ఉన్నాడు. నారాయణపేట నుంచి వచ్చి పది రోజులైంది. అక్కడ నేలమీద కూర్చుని, గుంతలోకి కాళ్ళు దించి గుంత మగ్గం మీద నేసిన చెయ్యి. ఇక్కడివన్నీ పీట మీద కూర్చుని నేసే ఎత్తు మగ్గాలు. గంటకు పదిసార్లు దారం తెగుతోంది. హైమావతి నూలు మార్పించింది, అడ్డదారాన్ని అటూ ఇటూ మోసే నాడె మార్పించింది, చివరికి మనిషినే మారుద్దామని నిన్న తనే అంది.

మాస్టారు అతని పక్కన నేలమీద కూర్చుని, “ఏం కావాలి ఎల్లయ్యా?” అన్నారు.

ఎల్లయ్య తెగిన దారం ముడివేశాడు. “పీట నాలుగు వేళ్లంత దింపితే సాలు సారూ. కింది చెక్కకు కాలు ఆనుతలేదు. తొక్కితే దారాలు సగమే లేస్తున్నయి, నాడె పొయ్యి వాటికి తగుల్తున్నది. వచ్చిన్నాడే మేడమ్‌కు జెప్పిన” అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

హైమావతి ముఖం కందిపోయింది. చెప్పాడు, నిజమే. అలాగే అలాగే అంటూ నాడె మార్పించింది తనే. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు ఆ చిన్న డబ్బా. అందులో ఏదో రాసి ఉండేది. నాలుగుసార్లూ చదవకుండానే మూసేసింది. మరుక్షణం కంప్యూటరున్న గదికి పరుగెత్తింది.

ఈసారి చదివింది. ఫలానా ఫైలు కనిపించడం లేదని పేరుతో సహా ఉంది. వెతికి తెచ్చి పెట్టింది. సాఫ్ట్‌వేరు తెరుచుకుంది, మూసుకోలేదు. తను గీసిన జొన్నకంకుల అంచు తెర మీద ఈ కొసనుంచి ఆ కొసకు పరుచుకుంటే, హైమావతికి కళ్ళు చెమర్చాయి.

వెళ్ళినంత వేగంగా షెడ్డుకు తిరిగొచ్చింది. మాస్టారు ఇంకా అక్కడే కూర్చుని ఉన్నారు.

“నడుస్తోంది మాస్టారూ! అది అడిగింది ఒక్క ఫైలే. ఏదీ పీకక్కర్లేదు!”

మాస్టారు సంతోషంగానే తల ఊపారు. పక్కన ఎల్లయ్య కాలి మునివేళ్ళతో కింది చెక్కను అందుకోవడానికి తంటాలు పడుతున్నాడు.

“బాగుందమ్మా. మరి ఈయన పీట?” అన్నారు.