ఉప్పుకడలి అడుగున తీపిరేవు చెలమమ్మ

తీపిరేవుకు వచ్చే యాత్రికుణ్ణి ముందుగా పలకరించేది ఇక్కడి గాలి. పెద్దరోడ్డు మీద బస్సు దిగి జీడితోటల మధ్య దారి పట్టగానే ఉప్పువాసనా మొగలిపూల వాసనా కలిసి ఎదురొస్తాయి. పడమట తూర్పు కనుమలు నీలంగా బారులు తీరి ఉంటాయి. ఆ కొండల్లో పుట్టిన గెడ్డ ఒకటి ఊరికి ఉత్తరాన సముద్రంలో కలుస్తుంది. కొండలకూ కడలికీ నడుమ, వానలకు కోసుకుపోయి గోడల్లాగా గుహల్లాగా నిలిచిన ఎర్రమట్టి దిబ్బలున్నాయి. అన్నిటిలోకీ పెద్దదైన దిబ్బ ఎక్కి చూస్తే ఒక పక్క బౌద్ధ భిక్షువుల నాటి ఇటుకల గుట్ట, ఇంకో పక్క వలందులని పిలిచే డచ్చి వర్తకుల సమాధులు, రేవు దగ్గర తల విరిగిన పాత దీపస్తంభం కనిపిస్తాయి. కళింగ తీరానికి ఎవరెవరు వచ్చారో, ఎవరెవరు వెళ్ళిపోయారో ఆ దిబ్బ మీద నిలబడితే కళ్ళకు కడుతుంది.

దిబ్బ దిగగానే కొత్తవారు అడిగే మొదటి మాట, గుడి ఎక్కడ అని. ఇక్కడ గోపురం లేదు, విగ్రహం లేదు. ఒడ్డున ఒక తాటాకు పందిరి మాత్రం ఉంది. సముద్రం ఆటు మీద ఉండి నీరు వెనక్కి తగ్గినప్పుడు, ఆ తడి ఇసుక మీద చాలాదూరం నడిచి వెళ్తే చేతులతో తవ్విన గుంట ఒకటి, అందులో తేటనీరు కనిపిస్తాయి. ఆ నీరే అమ్మవారు. చుట్టూ ఉప్పుసముద్రం ఘోషిస్తుండగా ఆ నీరు లేతకొబ్బరి నీళ్ళలా ఉంటుంది. ఇసుకలో తవ్వుకునే ఊటగుంటను చెలమ అంటాం కనుక తల్లికి చెలమమ్మ అనీ, ఆ తల్లి వెలసిన రేవుకు తీపిరేవు అనీ పేర్లు వచ్చాయి. పెద్దలనోట విన్న ఆ కథను విన్నట్టుగానే ఇక్కడ చెబుతున్నాం.

పూర్వం ఇక్కడ, వలందులు ఈ ఒడ్డున అడుగు పెట్టకముందు, గొప్ప రేవు ఉండేది. బియ్యం, నూలుబట్టలు ఎత్తుకుని తెరచాప ఓడలు తూర్పుదీవులకు వెళ్ళేవి. కర్పూరం, వక్కలు, తగరం తెచ్చేవి. రేవు పక్కన ఉప్పుమడులు ఉండేవి. ఒకనాడు కార్తీకంలో ఉప్పెన వచ్చింది. తాటిచెట్టంత ఎత్తున నీరు లేచి ఓడలను విరిచి దిబ్బల మీదికి విసిరింది. గెడ్డ మొగను ఇసుక పూడ్చేసింది. నీరు తీసిపోయాక బతికినవారు చూసుకుంటే ఊరి బావులన్నీ ఉప్పుకషాయమై ఉన్నాయి. వానాకాలం వచ్చి పోయినా ఆ బావులు బాగుపడలేదు. ఆడవాళ్ళు పొద్దున్నే బయలుదేరి కొండ కింది వాగుకు వెళ్ళి, కుండలతో నీళ్ళు మోసుకుని పొద్దు వాటారాక ఇల్లు చేరేవారు. వేసవి వచ్చేసరికి ఆ కొండవాగు కూడా సన్నగిల్లింది. ఊరిపెద్ద గుణ్ణయ్య కులంవారందరినీ కూర్చోబెట్టి, ఇక ఈ చోటు మనది కాదని చెప్పాడు. వచ్చే అమావాస్య లోపల పడవలెక్కి దక్షిణానికి వెళ్ళిపోవాలని తీర్మానించారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పెరికెలవారి బిడారు ఉప్పు కోసం ఈ తీరానికి వచ్చింది. ఎద్దుల వీపు మీద గోనెసంచులు వేసుకుని ఊరూరా సరుకు మోసే జనం వారు. ఎగువన మెట్టసీమ నుంచి జొన్నలు తెచ్చి ఇచ్చి ఉప్పు పట్టుకుపోయేవారు. ఆ ఏడు బిడారులో బయ్యమ్మ అనే కోడలు పిల్ల ఉంది. మామూలుగా ఆడవాళ్ళు కనుమ దాటరు. కానీ ఆమె భర్త కొమరయ్య కాలు విరిగి మంచాన పడ్డాడు, బిడారుకు ముందు నడిచే మచ్చెద్దు భార్యాభర్తలిద్దరి మాట తప్ప మూడోవారి మాట వినదు. అది కదలకపోతే వెనక ఎద్దులేవీ కదలవు. చేసేది లేక మామ గట్టయ్య కోడలిని వెంట తీసుకొచ్చాడు.

బయ్యమ్మ పుట్టిన సీమలో చెరువు నిండితే పండగ. సముద్రం గురించి మామ చెప్పగా వినడమే కానీ ఆమె మనసుకు అది అందలేదు. కనుమ దిగుతున్నప్పటి నుంచే ఆమె అడుగు నేల మీద ఆనలేదు. గాలి తడిగా తగలడం, ఆకులు వెడల్పు కావడం, మట్టి ఎర్రబడటం, ఒక్కొక్కటీ చూసి మురిసిపోయింది. దూరాన ఏదో ఆగకుండా మోగుతుంటే, ఏ ఊళ్ళో జాతర జరుగుతోందని అడిగింది. గట్టయ్య నవ్వి ఎద్దులను అదిలించాడు. ఆఖరి దిబ్బ ఎక్కగానే ఆకాశం కిందంతా నీరై కనిపించింది. 

"మామా, గిన్ని నీళ్ళకు కట్ట ఎవరు పోసిండ్రు?" అని అడిగింది.

"దీనికి కట్ట లేదు బిడ్డా," అన్నాడు గట్టయ్య.

ఆమె మచ్చెద్దు పగ్గం మామ చేతిలో పెట్టి దిబ్బ మీంచి జారుకుంటూ పరుగెత్తింది. మోకాలి లోతు అలలో నిలబడి, నవ్వుతూ దోసిలి నింపుకుని నోట పోసుకుంది. గొంతు మండిపోయింది. ఉమ్మేసి, అంత నీటి వంకా మోసపోయినదానిలా చూసింది.

బిడారు ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఉప్పెన తర్వాత ఇదే మొదటి రాక కనుక ఊరి బావుల సంగతి తెలియని గట్టయ్య ఎద్దులకు నీళ్ళడిగాడు. గుణ్ణయ్య తల దించుకుని జరిగినదంతా చెప్పాడు. దారిలో ఎండిన వాగులే తగిలాయి కనుక ఎద్దులు అప్పటికే నురగలు కక్కుతున్నాయి. మనుషులకు మాత్రం ఇంటికొక ముంత చొప్పున నీళ్ళు తెచ్చి ఇచ్చారు. బయ్యమ్మకు నీళ్ళిచ్చినది అసిరమ్మ అనే పడుచు, చంకలో ఏడాది నిండని ఆడపిల్ల ఉంది. బయ్యమ్మ ఆ ముంతను ఒక్క గుక్కలో తాగేసింది. తర్వాత ఆ పసిబిడ్డ ఖాళీ ముంత అంచును నాకడం చూసింది. ఇంట్లో ఇంకేమైనా ఉన్నాయా అని అడిగితే అసిరమ్మ ముందు మాట దాటేసింది. మళ్ళీ అడిగితే చెప్పింది.

"మా ఊరొచ్చినోలకి నీలియ్యకుండా మేం తాగితే మా గొంతు దిగదమ్మా. రేపు నాను కొండకెల్తాను కదా."

ఆ మాటకు బయ్యమ్మ మొహం తిప్పుకుంది. బోర్లించిన పడవ నీడన మచ్చెద్దును కట్టేసి పక్కనే ఒరిగింది. నడక బడలికకు కళ్ళు మూతలు పడ్డాయి. కలలో ఒక స్త్రీ వచ్చి తల దగ్గర కూర్చుంది. తడిజుట్టు, నుదుట రూపాయంత బొట్టు, చీర చెంగు నిండా ఇసుక. ఆమె బయ్యమ్మ చెయ్యి పట్టుకుని ఇలా అంది.

"ఉప్పు కింద తియ్యగా పడుకుని ఉన్నాను తల్లీ. నన్ను లేపేవారు లేరు. నీ ఎద్దు పగ్గం విప్పు."

బయ్యమ్మ ఉలిక్కిపడి లేచింది. మచ్చెద్దు మోర ఎత్తి ముక్కుపుటాలు ఎగరేస్తూ పగ్గం తెగేలా సముద్రం వైపు లాగుతోంది. ఆమె పగ్గం మీద చెయ్యి వేయగానే గట్టయ్య అడ్డం వచ్చాడు. దాహం వేసిన ఎద్దు సముద్రపు నీరు తాగితే పేగులు మండి చస్తుంది. మచ్చెద్దు చస్తే ఇన్ని ఎద్దులతో కనుమ ఎక్కేదెలా, ఇంటి దగ్గర కొమరయ్యకు ఏం చెప్పేది అని కోప్పడ్డాడు. ఆయన మాటలో తప్పేమీ లేదని ఆమెకు తెలుసు. కల సంగతి చెబితే ఎండదెబ్బ అంటాడనీ తెలుసు.  అయినా ముడి విప్పేసింది.

ఎద్దు దూకింది. సముద్రం అప్పుడు ఆటు మీద ఉంది. నీరు తగ్గి బయటపడ్డ మెరిసే ఇసుక మీద అది తోక ఎత్తి పరుగెత్తుతుంటే, వెనకే బయ్యమ్మ కొంగు బిగించి పరుగెత్తింది. ఒడ్డున జనం గుమిగూడారు. ఇక అలల్లోకి దిగుతుంది అనుకున్న చోట, ఎవరో వెనక్కి లాగినట్టు ఎద్దు నిలిచిపోయింది. మోర నేలకు ఆనించి వాసన చూసింది. ముందుకాలితో ఇసుకను గీరసాగింది.

బయ్యమ్మకు ఆ గీరడం అర్థమైంది. ఎండిన వాగుల్లో చెలమలు తీసి పెరిగిన పిల్ల ఆమె. అక్కడే మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులతో తవ్వింది. మోచేతి లోతున నీరు ఊరింది. నోట పెట్టుకుంటే ఉప్పు. ఇంకా తవ్వింది. ఉప్పే కానీ ముందంత కాదు. ఆశ పుట్టి మరీ వేగంగా తవ్వసాగింది. ఇంతలో ఒడ్డు నుంచి గుణ్ణయ్య కేక వినిపించింది.

"బేగి వచ్చీయమ్మా, పోటొచ్చేస్తంది!"

సముద్రం తిరిగింది. మొదటి అల నాలుక చాచి గుంట అంచు తాకి వెనక్కి పోయింది. బయ్యమ్మ తల ఎత్తలేదు. ఊరివారంతా నిలబడి చూస్తుండగా, బిడ్డను చంకన వేసుకున్న అసిరమ్మ ఒక్కతే ఆ ఇసుక మీదికి పరుగు తీసింది.  బిడ్డను ఎద్దు నీడన కూర్చోబెట్టి తానూ తవ్వడం మొదలుపెట్టింది. రెండో అల వచ్చి గుంటను సగం పూడ్చింది. ఇద్దరూ కడలికి వీపులు పెట్టి, తామే కట్టలా కూర్చుని మళ్ళీ తవ్వారు.

అది చూసి గుణ్ణయ్య ఇక ఒడ్డున నిలవలేకపోయాడు. తన ఇంటిముందు ఎండిపోయి పడున్న పెద్ద మట్టికాగును భుజాన వేసుకుని, దారిలోనే దాని అడుగు పగలగొట్టుకుంటూ వచ్చాడు. ఆయన వెనక గట్టయ్య, ఆ వెనక ఊరూ బిడారూ కదిలి వచ్చాయి. అడుగులేని ఆ కాగును గుంటలో దించి చుట్టూ ఇసుక తొక్కారు. ఇప్పుడు అల వస్తే కాగు చుట్టూ తిరిగి పోతోంది, లోపలికి రావడం లేదు. లోపలి ఉప్పునీటిని మగవాళ్ళు ముంతలతో తోడి పారబోశారు. అడుగున ఇసుక బుడగలు కక్కింది. ఆ వెంట తేటనీరు పైకి వచ్చింది.

ఎవరూ తాగడానికి సాహసించలేదు. బయ్యమ్మ దోసిలి నింపింది. పొద్దున ఆశగా సముద్రాన్ని తాగి మోసపోయిన నోరు అది, ఆ వేళకు పెదవులు పగిలి ఉన్నాయి. అయినా ఆ దోసిలిని ఆమె అసిరమ్మకే చాచింది. అసిరమ్మ అందులో వేళ్ళు ముంచి బిడ్డ నాలుక మీద చుక్కలు వేసింది. బిడ్డ చప్పరించి, రెండు చేతులతో దోసిలిని తన వైపు లాక్కుంది. అప్పుడు గాని జనానికి తెలియలేదు, ఆ నీరు తియ్యనిదని.

ముంతలు, కుండలు, చివరకు పడవలో నీరు తోడే డొప్పలు కూడా నిండాయి. మచ్చెద్దు కడుపారా తాగింది. మొల లోతు పోటు వచ్చేదాకా తోడుకుని, నవ్వుతూ ఏడుస్తూ ఒడ్డెక్కి వెనక్కి చూసేసరికి, చెలమ ఉన్న చోట సముద్రం తప్ప ఏమీ లేదు. కాగు కొట్టుకుపోయింది. దొరికినట్టే దొరికి పోయిందని గుణ్ణయ్య ఇసుకలో కూలబడ్డాడు. ఆ క్షణాన అసిరమ్మ ఒళ్ళు ఊగింది, జుట్టు విడిపోయింది. ఆమె నోట తల్లి పలికింది.

"నాను యెక్కడికీ పోనేదురా. పోటు నా దుప్పటి. ఆటుకి రండి, తవ్వండి, కనపడతాను. నాకు రాయి పెట్టకండి, గోడ కట్టకండి. తవ్వినోలు తమ నోట పోసుకోకండి, పక్కోలకియ్యండి."

తెల్లవారుజామున మళ్ళీ ఆటు వచ్చింది. ఊరంతా చేతులతో తవ్వింది. తల్లి కనపడింది. ఆ అమావాస్యకు పడవలు చేపల వేటకే వెళ్ళాయి గాని వలస పోలేదు.

బిడారు తిరిగి వెళ్ళే రోజున గుణ్ణయ్య పసుపుగుడ్డ కట్టిన కొత్తకుండలో చెలమనీరు నింపి బయ్యమ్మకు ఇచ్చాడు. పుట్టింటి నుంచి పంపినట్టే పంపుతున్నామనీ, ఈ ఊరు ఆమె పుట్టిల్లనీ చెప్పాడు. దిబ్బ ఎక్కాక ఆమె మళ్ళీ ఒకసారి నిలబడి సముద్రాన్ని చూసింది. మామ పిలిచినా చాలాసేపు కదలలేదట.

తర్వాతి కాలంలో ఒక జమీందారు తల్లి మాటను పక్కనబెట్టి, భక్తితోనే, నల్లరాతితో అక్కడ బావి కట్టించబోయాడు. ఒక్క తుఫానుకు రాళ్ళన్నీ పక్కకు ఒరిగాయి. ఆటు బాగా తగ్గిన రోజున అవి ఇప్పటికీ కనిపిస్తాయి, వాటి మీద ఆల్చిప్పలు పట్టాయి. ఆయన మళ్ళీ ప్రయత్నించలేదు. చెలమ దగ్గరికి వచ్చి, పల్లెవారితో పాటు మోకాళ్ళ మీద కూర్చుని తవ్వాడని చెబుతారు.

నేటికీ తీపిరేవులో పూజ అదే. ఇక్కడ అర్చకత్వం అసిరమ్మ వంశపు ఆడవారిది. ఆటు మొదలవగానే వారు పందిరి దగ్గర డప్పు కొట్టిస్తారు. యాత్రికులు చెప్పులు విడిచి, తడి ఇసుక మీద నడిచి వెళ్ళి స్వయంగా తవ్వాలి. కొబ్బరికాయ, పువ్వులు అక్కరలేదు. ఊరిన తొలి దోసిలిని తనకు పరిచయం లేని మనిషికి ఇవ్వాలి. అవతలివారు తమ దోసిలి మనకు ఇస్తారు. మెట్టసీమ రైతుకు బెస్త అవ్వ, పట్నం ఉద్యోగికి ఉప్పుమడి కూలీ నీళ్ళు పోస్తుంటే చూడటం ఈ క్షేత్రంలోని గొప్ప దర్శనం. ఏటా వేసవి ఆరంభంలో పెరికెలవారు జొన్నలు తెచ్చి నైవేద్యం పెడతారు. ఆ రోజు వారి ఆడబిడ్డలకు పల్లెవారు చీరలు పెట్టి, ఎద్దు కొమ్ములకు పసుపు రాస్తారు.

చెలమమ్మ నీరు తాగిన ఇంట బావి ఎండదనీ, పిల్లల గొంతు ఎండదనీ, దూరదేశం వెళ్ళినవారికి దాహం వేసిన చోట ఆదుకునే చెయ్యి దొరుకుతుందనీ ఇక్కడివారి నమ్మకం. దర్శనానికి వచ్చేవారు ఆటువేళ ముందుగా కనుక్కుని రావాలి. పోటు వేళ వస్తే అలలు తప్ప ఏమీ కనపడవు. అలా వచ్చి నిరాశపడేవారిని ఊరివారు తమ అరుగుల మీద కూర్చోబెట్టి, వేడివేడి అన్నంలో చేపలపులుసు పోసి పెడతారు. కంగారు పడవద్దనీ, తల్లి నిద్రపోతోందనీ, సముద్రం తగ్గగానే కలిసి వెళ్ళి లేపుదామనీ చెబుతారు.