కుడి చేతి గాజులు

నాలుగు రోజులుగా మూడో నంబరు మంచం మీది కమ్లి నోరు తెరవలేదు. తిండికీ తెరవలేదు, మందుకీ తెరవలేదు, మాటకీ తెరవలేదు. సెలైన్ సూది పెడితే పీకేసేది. కుడి చెయ్యి మంచానికి కట్టినా గుంజుకుని సూది నిలవనిచ్చేది కాదు, గోడవైపు తల తిప్పుకుని పళ్ళు బిగించేది.

ఆ వార్డు నర్సు ప్రసూనకి ఏమీ పాలుపోలేదు. ఆమెది డెల్టా ఊరు. ఈ మెట్ట ప్రాంతపు మిషన్ ఆస్పత్రికి వచ్చి ఏడాది అయింది. నర్సు చదువులో ఫస్టు క్లాసు. ఆమె కట్టు కడుతుంటే పక్క మంచం వాళ్ళు తమ నొప్పి మరిచిపోయి చూసేవారు, చేతులు అంత చురుకు. ఆమెకి ఒక మాట ఉండేది, "నాకు అందరూ ఒకటే" అని. ఊరి పెద్ద భార్యకీ, రాళ్ళు కొట్టే మనిషికీ ఒకే దుప్పటి, ఒకే మందు, ఒకే పలకరింపు. అది చిన్న గుణమేమీ కాదు.

కమ్లిది దగ్గరి లంబాడా తండా. పత్తి ఏరడానికి పోయే కూలీల ట్రాక్టరు బోల్తా పడితే, తెలివి తప్పిన మనిషిని మంచం మీద మోసుకొచ్చారు. ఎడమ చెయ్యి ట్రాలీ కింద నలిగింది. తండా ఆడవాళ్ళు మోచేతికి పైన భుజం దాకా తెల్ల గాజులు వేసుకుంటారు చూడండి, అవి వాచిన కండలోకి దిగబడిపోయాయి. ప్రసూన కట్టర్ తీసుకుని ఒక్కొక్కటే కోసింది. ఇంకో గంట ఆలస్యమైతే చెయ్యి తీసెయ్యాల్సి వచ్చేదని డాక్టరే అన్నాడు. ముక్కలు నెత్తుటి దూదితో పాటు బకెట్లో పడ్డాయి. బకెట్ చెత్త తగలబెట్టే గుంటకి పోయింది.

మర్నాడు అత్త భీమ్లి నడిచి వచ్చింది. వార్డు గుమ్మంలో నిలబడి కోడలి చేతుల వంక చూసింది. చూసి, అక్కడికక్కడే కూలబడి, కొడుకు హర్యా పేరు పెట్టి ఏడవడం మొదలుపెట్టింది. హర్యా కమ్లి మొగుడు. కాలువ తవ్వకానికని రాష్ట్రం దాటి పోయి మూడు నెలలైంది.

ప్రసూన పరుగున వచ్చింది. "ఇది వార్డమ్మా. ఇక్కడ ఏడవకూడదు" అని ముసలామెని వరండాలోకి పంపేసింది.

ఆ ఏడుపుకే కమ్లికి మెలకువ వచ్చింది. ఎడమ చెయ్యి కట్టులో ఉంది, కదలదు. ఆ చేతి వేళ్ళ వంకే కాసేపు చూసి, తల వంచి, గడ్డంతో కుడి భుజాన్ని తడుముకుంది. తరువాత గోడవైపు తిరిగింది.

సాయంత్రం ఆయా చెప్పింది, ఆ భుజం గాజులు మొగుడు పోతేనే తీస్తారని. ప్రసూన నవ్వేసింది. ఇంతేనా అనుకుని వెళ్ళి చెప్పింది, "నీ మొగుడు బతికే ఉన్నాడు. గాజులు నేనే కోశాను" అని. రోజుకి మూడుసార్లు చెప్పింది. చెప్పేకొద్దీ కమ్లి ఇంకాస్త బిగుసుకుపోయేది. జబ్బుమనిషి దగ్గర చావు కబురు దాచిపెడతారని ఎవరికి తెలీదు? వరండాలో తండా ఆడవాళ్ళు వచ్చి కూర్చుని, ఏడ్చి వెళ్తూనే ఉన్నారు.

హర్యా కోసం ఆస్పత్రి వాళ్ళు మనిషిని పంపారు. అక్కడికి చేరడానికే మూడు రోజులు పడుతుంది. ఫోన్లు లేని రోజులు అవి.

నాలుగో రోజుకి గాయం చీము పట్టింది. ఒళ్ళు కాలిపోతోంది. ఇవాళ మందు లోపలికి పోకపోతే విషం రక్తంలోకి పాకుతుందని డాక్టరు చెప్పి వెళ్ళాడు.

అప్పుడు ప్రసూన ఎస్తేరమ్మ గారి గదికి వెళ్ళింది. ఆ ఆస్పత్రిలో నర్సులందరికీ పని నేర్పిన మనిషి ఆవిడ. నలభై ఏళ్ళ సర్వీసు. చూపు మందగించాక, కిటికీ దగ్గర కూర్చుని గాయాలకి కట్టే గుడ్డలు మడతలు పెట్టడమే ఆవిడ పని.

"అమ్మగారూ, ఆ గాజులు కోయకపోతే చెయ్యి పోయేది. నేను చేసింది తప్పా?"

"కాదు."

"మరి వాళ్ళ మూఢనమ్మకానికి నేనేం చెయ్యను? చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. నాకు అందరూ ఒకటే. వాళ్ళకే నేను పరాయిదాన్ని."

ఎస్తేరమ్మ గారు ఇంకో మడత పెట్టింది. "నలిగింది ఎడమ చెయ్యి గద. మరి కుడివి సుత కోసినవంట, ఆ చేతికి ఏమైంది?"

కుడి చేతికి ఏమీ కాలేదు. బీపీ పట్టీ చుట్టడానికి ప్రసూనకి గాజులు అడ్డం వచ్చాయి. కట్టర్ ఎలాగూ చేతిలోనే ఉంది.

ఎస్తేరమ్మ గారు లేచి, గోడ పట్టుకుని, వరండాలోకి నడిచింది. ప్రసూన వెనకాలే వెళ్ళింది.

భీమ్లి స్తంభానికి ఆనుకుని ముసుగులో ఉంది. పక్కన తండా ఆడవాళ్ళు ఇద్దరు. పొద్దున వాళ్ళు తెచ్చిన జొన్నరొట్టెల మూట విప్పకుండా అలాగే పడి ఉంది. ఎస్తేరమ్మ గారు చెప్పులు విడిచింది. రాని మోకాళ్ళని బతిమాలుకుంటూ నేలమీద కూర్చుంది. ప్రసూన నిలబడే ఉంది.

"అవ్వా, పొద్దటి నుంచి ఏం తినలే. ఆకలైతుంది. ఆ రొట్టె ఒక తునక పెట్టు."

ముసుగు కదల్లేదు. "చావైన ఇంటోళ్ళ చేతిది ఎవరన్న తింటరా అమ్మా."

"తినరు. నేను సుత తినను."

అలా అని, చెయ్యి చాచింది. చాచిన చెయ్యి చాచినట్టే ఉంచింది.

తండా మనిషి ఒకామె రెండో ఆమెతో అంది, "ముసల్దానికి మతి తప్పినట్టుంది. శవం కాడ బువ్వ అడుగుతుంది."

ప్రసూనకి తల కొట్టేసినట్టయింది. "అమ్మగారూ, క్యాంటీన్ నుంచి ఏదైనా తెప్పిస్తాను, లేవండి."

"నువ్వు ఊకో."

ఎండ స్తంభం దాటి వచ్చింది. ఎస్తేరమ్మ గారి చెయ్యి వణకడం మొదలైంది. వణుకుతూనే అక్కడే ఉంది. ఎంతసేపటికో భీమ్లి ముసుగు ఎత్తింది. ముందు ఆ చేతిని చూసింది. ముడతలు పడి, మందుల మచ్చలతో ఉన్న చెయ్యి. తరువాత మొహం చూసింది.

"పెద్దమనిషివి. మెడల సిలువ ఉన్నది. నాతోని ఆడుకుంటలేవు గద?"

"ఆకలైతుంది అవ్వా."

భీమ్లి మూట ముడి విప్పింది. వేళ్ళు ఆడక ముడి ఒక పట్టాన రాలేదు. రొట్టె తునక తుంచి, ఎర్రకారం అద్ది, ఆ చేతిలో పెట్టింది. ఎస్తేరమ్మ గారికి ఉన్నవి నాలుగు పళ్ళు. ఆ ఎండురొట్టెని నమిలి నమిలి మింగేదాకా వరండాలో ఎవరూ ఊపిరి తీసినట్టు లేదు.

"ఇంకో తునక పెట్టు" అంది ఆవిడ.

భీమ్లి కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. "మరి పిల్ల చేతులు గట్లెందుకు ఉన్నయి?"

ఎస్తేరమ్మ గారు ప్రసూన వైపు చూసింది.

"నేనే కోశాను అవ్వా" అంది ప్రసూన. "ఎడమవి చెయ్యి దక్కాలని కోశాను. కుడివి... కుడివి నాకు అడ్డమని కోశాను."

ముసలామె ఆమెని పైనుంచి కింద దాకా చూసింది. "తియ్యాల్సొస్తే తియ్యాల్నే. కాన్పుల చేతులు వాస్తే మేం తియ్యమా? తీసి, ఒక్క దారం పోగన్న కట్టకుండ, ఆడదాన్ని గట్ల బోడిగ పండబెడతరా?"

లేచి, గాగ్రా అంచు కొరికి, ఎర్ర దారం ఒకటి లాగుతూ లోపలికి నడిచింది. ఈసారి ప్రసూన అడ్డం రాలేదు.

అత్త కుడి భుజానికి దారం కడుతుంటే కమ్లి చూస్తూ ఉంది. ఆ వేళ్ళకి కారం ఉంది, రొట్టె పొడి ఉంది. తిండి పెట్టిన చేతులు అవి, చావింటి చేతులు కావు. నాలుగు రోజుల తరువాత ఆ పెదాలు విడిపడ్డాయి.

"వచ్చిండా?"

"దారిల ఉన్నడు బిడ్డా."

ఆ పూట కమ్లి గంజి తాగింది. సూది పెట్టించుకుంది. మర్నాడు కూడా తాగింది. కానీ నాలుగు రోజులు పోయాయి కదా, వాటిని ఏ మందు తిరిగి తేగలదు. జ్వరం తగ్గలేదు. తలుపు చప్పుడైనప్పుడల్లా "వచ్చిండా" అని అడిగేది. ఆరో రోజు రాత్రికి అడగడం మానేసింది. ఏడో రోజు పొద్దున్నే పోయింది. హర్యా ఇంకా దారిలోనే ఉన్నాడు. ఎడమ చెయ్యి తీసెయ్యాల్సిన పని మాత్రం పడలేదు.

ప్రసూన నీళ్ళ పళ్ళెం, దూది, తెల్ల దుప్పటి పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. శవాన్ని తుడిచి, గడ్డం కట్టి, దుప్పటి చుట్టడం ఆమెకి పావుగంట పని. కళ్ళు మూసుకుని చెయ్యగలదు. ఎన్నిసార్లు చేసిందో.

దూది తడిపింది. తడిపిన చెయ్యి ఆగిపోయింది.

మంచం కోడు పక్కన భీమ్లి నేలమీద కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయి, ఉత్త కళ్ళతో చూస్తోంది.

"అవ్వా" అంది ప్రసూన. "మీలో ఎట్లా చేస్తారు?"

ముసలామె ఆ పళ్ళెం వంక చూసింది. గుమ్మం దగ్గర ఎస్తేరమ్మ గారు, లోపలికి రాబోతున్న ఇంకో నర్సుని చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"ముందుగాల కూసో బిడ్డా" అంది భీమ్లి.

ప్రసూన పళ్ళెం కింద పెట్టి, నేలమీద కూర్చుంది.