మామూలు గాలి

దస్తగిరయ్యగారిని ఎవరైనా ఏదైనా అడిగితే శాస్త్రం చెప్పేవారు కారు. "నా చదువు మూడో తరగతితోనే ఆగింది. చూసింది చెప్తా, తెలియంది చెప్పను" అనేవారు. గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే రోడ్డు నల్లమల ఎక్కబోయే చోట, దిగువమెట్టలో, ఆయన నలభై ఏళ్లు పంక్చర్ల షాపు నడిపారు. మోకాళ్లు అరిగిపోయి కింద కూర్చుని లేవడం కష్టమయ్యాక షాపు మానేసి ఇంటి పంచలో కూర్చోవడం మొదలుపెట్టారు. ఆదివారం పొద్దున్నే మేం పదిమందిమి ఆయన దగ్గరికి చేరేవాళ్లం. మాలో వ్యవసాయం చేసేవాళ్లున్నారు, ఉద్యోగాలు చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాళ్లున్నారు. ఆయన్ని గురువుగారనే పిలిచేవాళ్లం. ఆయన మాత్రం ఆ పిలుపుకి ఎప్పుడూ అలవాటు పడలేదు.

ఆ ఆదివారం ఈశ్వరమ్మ అడిగింది. ఆమె గిద్దలూరులో అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆరేళ్లుగా వస్తోంది, కానీ నోరు తెరిచి అడగడం అదే మొదటిసారి.

"నా తోటికోడలు రంగమ్మకి కేన్సరయ్యా. గాజులపల్లెలో కొడుకు దగ్గర ఉంది. ఇంక ఆసుపత్రి కూడా వద్దని ఇంటికి పంపేశారంట. నన్ను ఒకసారి రమ్మని మూడుసార్లు కబురు పెట్టింది."

"పోయొచ్చావా తల్లీ?"

"లేదు." ఈశ్వరమ్మ కాసేపు చీర కొంగు సర్దుకుంది. "తొమ్మిదేళ్లయింది మాకు మాటల్లేక. దాని మనవడి నామకరణం నాడు బిడ్డని ఎత్తుకుందామని చేతులు చాచాను. 'వద్దులే అక్కా, నువ్వు ఎత్తుకోకు' అంది. అంతమందిలో అంది. నాకు బిడ్డలు లేరు కదా, అందుకని. ఆ చాచిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదయ్యా. ఈ రోజుకీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది."

"మనసు కడుక్కోండని మీరే చెప్తారు. నేనూ కడుగుతూనే ఉన్నా. సగం పోతుంది, సగం అట్లాగే ఉంటుంది. లోపల ఇంత విషం పెట్టుకుని పోయి, దాని చెయ్యి పట్టుకుని ఎట్లా ఉన్నావని అడిగితే అది నటన కాదా? మొత్తం కడిగేసుకుని పోదామని చూస్తున్నా. దానికి ఎన్నాళ్లు పడుతుంది, ఏం చెయ్యాలి, చెప్పండి."

దస్తగిరయ్యగారు మోకాళ్లు సర్దుకుని కూర్చున్నారు. ఒక మనిషి గురించి చెప్పారు. నాకు గుర్తున్నంతలో రాస్తున్నాను.

ఆయన షాపు నడుపుతున్న చివరి రోజుల్లో ఒక ఎండాకాలం, పొద్దున పది గంటలప్పుడు, ఒక మోటారుసైకిల్ వచ్చి ఆగింది. నడిపే మనిషికి నలభై ఏళ్లుంటాయి. పేరు ఫణీంద్ర, కంభంలో కరెంటు సబ్‌స్టేషన్‌లో ఇంజనీరు. బండి కొని ఆరేళ్లయినా నిన్న షోరూమ్ నుంచి తెచ్చినట్టుంది. గొలుసు మీద కూడా దుమ్ము లేదు. చక్రాల గాలి పిన్నులకి ఆకుపచ్చ రంగు మూతలున్నాయి.

"వెనక టైరు మెత్తగా ఉంది, చూడండి" అన్నాడు.

దస్తగిరయ్యగారు చూశారు. మేకు ఏమీ లేదు. నీళ్లు చల్లితే పిన్ను దగ్గర బుడగలు వచ్చాయి. పిన్ను మార్చేసరికి గాలి పోవడం ఆగిపోయింది. మీటరు పెట్టి చూస్తే పది పాయింట్లు కూడా లేదు. గాలి పెట్టబోతే ఆ మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు, వద్దు. ఇందులో ఉండేది నైట్రోజన్. మామూలు గాలి కలపకూడదు."

"కలిపితే ఏమవుతుంది సార్?"

"మామూలు గాలిలో తేమ ఉంటుంది. వేడికి ఉబ్బుతుంది, తొందరగా దిగిపోతుంది. ఒక్కసారి కలిస్తే ఇంక ఇన్నాళ్లు పెట్టినదానికి అర్థం లేదు. కొన్నప్పటినుంచీ ఈ టైర్లలో మామూలు గాలి పడలేదు."

అతను అబద్ధం చెప్పలేదు. నైట్రోజన్ పెడితే గాలి నిదానంగా దిగుతుందని దస్తగిరయ్యగారు కూడా విన్నారు. పెద్ద బండ్లవాళ్లు చాలామంది పెట్టించుకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు.

"ఎక్కడిదాకా పోవాలి?"

"నంద్యాల. మా అక్క ఆసుపత్రిలో ఉంది. పొద్దున మా బావ ఫోన్ చేశాడు. నన్ను చూడాలంటోందట, వెంటనే బయల్దేరమన్నాడు."

"అయితే ఆలస్యం దేనికి సార్? ముప్పై పాయింట్లు కొట్టి పంపిస్తా. ఘాట్ రోడ్డు దాటితే చాలు, గంటన్నరలో అక్కడుంటారు. నంద్యాలలో ఇది తీసేసి మీకు కావాల్సింది పెట్టించుకోండి."

ఫణీంద్ర టైరు వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు. నంద్యాల బస్సు అరగంట కిందటే వెళ్లిపోయింది. "గిద్దలూరులో ఒక బంకులో నైట్రోజన్ ఉంది. వెనక్కి వెళ్లి పెట్టించుకొస్తా. పన్నెండు కిలోమీటర్లే కదా" అన్నాడు.

"ఈ టైరుతో పన్నెండు కిలోమీటర్లు పోకూడదు సార్. ఇప్పటికి ఈ గాలి పెట్టనీయండి."

"ఈ గాలి పెట్టించుకునేవాణ్ణయితే ఇంత జాగ్రత్తగా ఎందుకు చూసుకుంటాను? మీకు అర్థం కాదు."

ఆ మాటకి తనకి కోపం వచ్చిందని దస్తగిరయ్యగారు చెప్పారు. నలభై ఏళ్లుగా ఆ దారిన పోయే లారీలకీ, బస్సులకీ, పెళ్లి బృందాలకీ, శవాలు తీసుకెళ్లే బండ్లకీ ఆ గాలే పెట్టి పంపిన మనిషి. తన గాలిని ఒకడు ఎంగిలి మెతుకులా చూశాడనిపించింది. "మీ ఇష్టం సార్" అని గాలి గొట్టం చుట్టి లోపల పెట్టేసి, అటు తిరిగి వేరే పని అందుకున్నారట.

ఫణీంద్ర వెనక్కి వెళ్లాడు. కొంతదూరం మెల్లగా నడుపుకుంటూ, టైరు పూర్తిగా కూర్చుంటుందని భయమేసినచోట దిగి తోసుకుంటూ, ఆ ఎండలో గిద్దలూరు చేరేసరికి పదకొండున్నర. బంకులో కరెంటు లేదు. నైట్రోజన్ మిషను కరెంటు వస్తేగానీ నడవదు. పక్కనే సైకిల్ షాపులో ఒకాయన చేతి పంపుతో గాలి కొడుతున్నాడు. ఫణీంద్ర అటు వెళ్లలేదు. నీడలో బండి ఆపి కూర్చున్నాడు. ఒంటిగంటకి కరెంటు వచ్చింది. ఉన్న గాలినంతా తీసేయించి రెండు చక్రాలకీ మళ్లీ కొత్తగా పెట్టించుకున్నాడు. ఒకటిన్నరకి దిగువమెట్ట షాపు ముందునుంచి దూసుకుపోయాడు. అటు చూడలేదు.

మూడింటికి ఆసుపత్రి మెట్లెక్కుతుంటే బావ ఎదురొచ్చాడు. అక్క ఒంటిగంట దాటిన పది నిమిషాలకి పోయింది.

ఇదంతా దస్తగిరయ్యగారికి ఎలా తెలిసిందంటే, మూడోనాడు సాయంత్రం ఫణీంద్ర తిరిగి వెళ్తూ ఆ షాపు దగ్గర ఆగాడు. పని ఏమీ లేదన్నాడు. బల్ల మీద కూర్చున్నాడు. మంచినీళ్లిస్తే గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు తాగలేదు.

"మా అమ్మ నాకు నాలుగేళ్లప్పుడు పోయింది. అక్కే పెంచింది" అన్నాడు. "దానికప్పుడు పదిహేనేళ్లు. నాకోసం చదువు మానేసింది. నా పుస్తకాలు ముందు అది చదివి, తర్వాత నాచేత చదివించేది."

దస్తగిరయ్యగారు చేతులు తుడుచుకుని పక్కన కూర్చున్నారు.

"చివరి రెండు గంటలూ తలుపు వైపే చూసిందట. ఎవరు లోపలికొచ్చినా 'ఫణి వచ్చాడా' అని అడిగిందట. నర్సు వస్తే అడిగింది, ఊడ్చే ఆమె వస్తే అడిగింది. ఎండలో వస్తున్నాడు, వాడికి మజ్జిగ తెప్పించి ఉంచండి అందట. ఆ మజ్జిగ గ్లాసు నేను వెళ్లేసరికి కిటికీలో ఉంది. మూత పెట్టి ఉంది."

అప్పుడు నీళ్లు తాగాడు. తాగి, గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"గాలిలో ఏముంటుందో మీకు తెలుసా?"

"తెలియదు సార్."

"నాకు తెలుసు. ఆరో తరగతిలోనే తెలుసు. అక్కే బట్టీ పట్టించింది. రొట్టెలు చేస్తూ అడిగేది. 'గాలిలో నైట్రోజన్ ఎంతరా?' 'డెబ్బై ఎనిమిది పాళ్లు అక్కా.' తప్పు చెబితే ఇంకోసారి అడిగేది. ఒప్పు చెబితే మొదటి రొట్టె నాకు పెట్టేది." అతను గాలి గొట్టం వైపు చూశాడు. "ఆ రోజు మీరు పెడతానన్నదాంట్లో నూటికి డెబ్బై ఎనిమిది పాళ్లు నాకు కావాల్సిందే ఉంది. తెలిసీ వద్దన్నాను."

"ఎవరో కలపొద్దని చెబితే నమ్మారు సార్. మీ తప్పేముంది?"

ఫణీంద్ర తల అడ్డంగా ఊపాడు. "అది కాదు. పొద్దున బావ ఫోన్ చేసినప్పుడు, ఆయన ఏమీ చెప్పకపోయినా గొంతులోనే నాకు తెలిసిపోయింది. భయమేసింది. అక్కని అట్లా చూడలేననిపించింది. దారిలో టైరు మెత్తబడితే, నిజం చెప్తున్నా, కాస్త ఊపిరి పీల్చుకున్నాను. అన్నీ పద్ధతిగా చేసుకుని బయల్దేరదాం అనుకున్నాను. బంకు దగ్గర కూర్చున్నంతసేపూ నేను మంచి పనే చేస్తున్నాననిపించింది."

లేచి బండెక్కాడు. దస్తగిరయ్యగారు ఇంకోసారి అతన్ని చూడలేదు.

గురువుగారు చెప్పడం పూర్తిచేశారు. మాలో ఒకాయన, బ్యాంకులో చేసి రిటైరైన వరదరాజులుగారు, "పాపం, ఆ మనిషికి తెలిసొచ్చేసరికి ఆలస్యమైపోయింది" అన్నారు.

"ఆయన సంగతి ఆయన చెప్పుకున్నాడు" అన్నారు దస్తగిరయ్యగారు. "నా సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ఆయన ముఖం నేను చూశాను. భయపడుతున్నాడని నాకు తెలిసింది. ఇంకొక్కసారి చెప్పి ఉండొచ్చు. చెయ్యి పట్టుకుని ఆపి ఉండొచ్చు. 'నా గాలిని చిన్నచూపు చూశాడు, వీడికి నేనెందుకు చెప్పాలి' అనుకున్నాను. ఆ రోషం తగ్గాక చెబుదాంలే అనుకునేలోపు ఆయన మలుపు తిరిగిపోయాడు."

ఈశ్వరమ్మ కళ్లు తుడుచుకుంది. "అయితే ఈ కోపం పెట్టుకునే పోవాలా అయ్యా?" అని అడిగింది.

గురువుగారు, "గాజులపల్లెకి బస్సు పదకొండింటికి ఉంది తల్లీ" అన్నారు.

ఆమె కాళ్లకి చెప్పులు వేసుకుని బయల్దేరింది. బస్టాపు దాకా నేను తోడు వెళ్లాను. దారిలో రెండుసార్లు ఆగింది. వెనక్కి తిరుగుతుందేమో అనుకున్నాను. బస్సు వచ్చాక కూడా అందరూ ఎక్కేదాకా నిలబడి, చివరికి ఎక్కింది.

తర్వాత నెల దాటేదాకా ఆమె కనిపించలేదు. రంగమ్మ పోయిందని మాకు కబురు తెలిసింది. పెద్దకర్మ అయిన తర్వాతి ఆదివారం ఈశ్వరమ్మ వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోటే గోడవారగా కూర్చుంది. చిక్కిపోయింది. అడగకుండానే చెప్పింది.

"ఒక్కపూట ఉండి వద్దామని పోయాను. పంతొమ్మిది రోజులు ఉన్నాను. కోడలు పనికి పోతుంది, పగలంతా చూసేవాళ్లు లేరు. నేనే తుడిచాను, నేనే బట్టలు మార్చాను."

"ఆ నామకరణం నాటి మాట ఏమైనా అందా? క్షమించమని అడిగిందా?" అన్నారు వరదరాజులుగారు.

"లేదు. ఆ మాటే ఎత్తలేదు. ఎప్పుడైనా అంటుందేమోనని పంతొమ్మిది రోజులూ ఎదురుచూశాను. దానికసలు గుర్తు కూడా లేదనుకుంటా. ఎందుకు రమ్మందో కూడా చెప్పలేదు. అక్కా, కిటికీ తెరువు అనేది, అక్కా, పక్కకి తిప్పు అనేది. అంతే." ఆమె గురువుగారి వైపు తిరిగింది. "నా కోపం పోలేదయ్యా. పోతుందనుకున్నా, పోలేదు. దాన్ని మట్టిలో పెట్టి వచ్చాను, అయినా పోలేదు. ముద్ద మింగుడుపడకపోతే గంజి కాచి చెంచాతో పట్టేదాన్ని. పడుతున్నంతసేపూ, నా చేతులు బిడ్డనెత్తుకోవడానికి పనికి రాలేదు, నీకు గంజి పట్టడానికి పనికొచ్చాయా అని లోపల అనుకుంటూనే ఉన్నాను. అట్లాంటి మనసుతో పట్టిన గంజి అది. మంచి చేశానో పాపం చేశానో నాకు తెలియడం లేదు."

దస్తగిరయ్యగారు ముందుకు వంగి, చాలా మెల్లగా అడిగారు.

"తాగిందా తల్లీ?"