ఎడమకే తిరిగే కారు

నీలకంఠం అయ్యవారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందుగా చెప్పుల కోసం వెతుక్కునేవారు. జవాబు కూర్చున్న చోట దొరకదన్నది ఆయన సిద్ధాంతమని కొందరు శిష్యులు, అదేం కాదు, మోకాళ్ళు పట్టేస్తున్నాయి కనుక ఆ వంకన నాలుగడుగులు వేస్తారని మరికొందరు. రెండు వర్గాలూ ఒకే పంక్తిలో భోంచేసేవి కాబట్టి గొడవ ముదరలేదు.

ఆశ్రమమంటే పెద్దగా ఊహించుకోకండి. సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఒక సరుగుడు తోపు, అందులో కొన్ని పాకలు, వంటకు సూరమ్మ, ప్రయాణానికి ఒక పాత చిన్న కారు. ఎవరో భక్తుడు కొత్త కారు కొనుక్కుంటూ దీన్ని ఆశ్రమానికి సమర్పించుకున్నాడు. ఆ భక్తుడి వైరాగ్యం పాత కారు వరకే వచ్చి ఆగింది, పాపం. ఆ కారు తోలేది జోగినాయుడు. ఒకప్పుడు పట్నంలో వ్యాను తోలేవాడు. తల్లి పోయాక ఇక్కడికి వచ్చి కారు తాళాలూ జపమాలా ఒకే రోజు పుచ్చుకున్నాడు.

ఆ పొద్దున మంచు ఇంకా చెట్ల మొదళ్ళను వదల్లేదు. జోగినాయుడు స్నానం చేసి, విభూతి పెట్టుకుని, అయ్యవారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యవారూ, నా మనసులో ఇప్పుడు ఏ చప్పుడూ లేదండి. కోపం లేదు, ఏడుపు లేదు. అంతా తెల్లగా, ఎండిన ఉప్పుమడిలా ఉంది. ఈ పున్నమికి నాకు కాషాయం ఇస్తారాండి?"

ఆ ఆశ్రమంలో కాషాయం కట్టుకుంటే ఇక వెనకటి ఇంటి గడప తొక్కకూడదు, రక్తసంబంధాన్ని వరస పెట్టి పిలవకూడదు. జోగినాయుడికి మిగిలిన వరస ఒక్కటే. ఉప్పలపాలెంలో ఉన్న అక్క, పైడమ్మ. ఆ ఒక్క తలుపూ పున్నమితో మూసుకుపోతుందని అతనికి తెలుసు. అందుకే తొందరపడుతున్నాడేమోనని అయ్యవారికి అనుమానం. ఆయన చెప్పుల కోసం వెతుక్కున్నారు.

"కారు తియ్యి జోగీ. ఉప్పలపాలెం మీదుగా సంతకి పోయి వద్దాం."

"చుట్టు దారిన పోదామండి. అది బాగుంటుంది."

వంటపాకలోంచి సూరమ్మ తల బయటపెట్టింది. "ఆ చుట్టుదారి ఈడికి అచ్చొచ్చింది అయ్యవారూ! సంతలో కొన్నప్పుడు కొత్తిమీర పచ్చగానే ఉంటాది. ఇక్కడ దిగేసరికి దానికీ వైరాగ్యం వచ్చీసి తల వాల్చీస్తంది. ఈ పున్నానికి దానికీ ఓ కాషాయం ఇప్పించండి!"

జోగినాయుడు వినిపించనట్టు కారు తలుపు తీశాడు. సూరమ్మ మాటలు వినిపించనట్టు ఉండడం ఆశ్రమంలో అందరూ మొదట నేర్చుకునే సాధన.

తోపు దాటి నాలుగు రోడ్ల కూడలికి వచ్చారు. కుడికి తిరిగితే ఉప్పలపాలెం. "కుడికి" అన్నారు అయ్యవారు. కారు మాత్రం నేరుగా ముందుకు సాగిపోయి, కొంతదూరం వెళ్ళి బుద్ధిగా ఎడమకు తిరిగింది.

"కుడికి అన్నాను గదా?"

"కుడికి తిప్పితే చప్పుడండి. టక టక టకమని. చక్రం దగ్గర యాక్సిల్ జాయింటు అరిగినట్టుంది. మీ చెవికి ఇబ్బందని నేను కుడికి తిప్పడం మానేశాను. కుడికి వెళ్ళాల్సి వస్తే ముందుకు పోయి, ఎడమకీ ఎడమకీ ఎడమకీ తిప్పుకుని వచ్చేస్తానండి."

"ఎడమకి తిప్పితే?"

"చీమ కదిలినంత చప్పుడు కూడా ఉండదండి."

ఆ మాటలో కొంత గర్వం కూడా ఉంది. నిజానికి అతను ఉప్పలపాలెం రోడ్డు మానేసింది ముందా, జాయింటు మోగడం మొదలైంది ముందా అంటే జోగినాయుడే చెప్పలేడు. మొదట ఆ ఒక్క మలుపు వదిలేశాడు. తర్వాత చప్పుడు వచ్చి, వదిలేయడానికి ఒక మర్యాదైన కారణం ఇచ్చింది. అటు తర్వాత భూమ్మీద ఉన్న కుడి అంతా వదిలేశాడు.

రోడ్డు పక్కన ఉప్పు కళ్ళం కనిపించింది. ఉప్పు రాశులన్నీ లారీలకెత్తేశారు. గట్టి నేల మాత్రం మిగిలి, మంచులో ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియకుండా తెల్లగా పరుచుకుని ఉంది. "దాంట్లోకి దింపు" అన్నారు అయ్యవారు. ఆయన దిగి, కళ్ళం మధ్యకు నడిచి, దుప్పటి నిండా కప్పుకుని నిలబడ్డారు. "అద్దాలు దించుకో. స్టీరింగు కుడికి పూర్తిగా తిప్పి నా చుట్టూ నెమ్మదిగా తిరుగు. నేను వింటాను."

జోగినాయుడు తిప్పాడు. టక. టక. టక టక టక. తెల్లటి నిశ్శబ్దంలో ఎవరో దూరాన మగ్గం నేస్తున్నట్టుంది. చుట్టూ ఆనవాలంటూ ఏదీ లేదు. చెట్టు లేదు, గట్టు లేదు, ఆకాశానికీ నేలకీ మధ్య గీత కూడా లేదు. కారు తిరుగుతోందో, కారు నిలిచి ఉప్పే తిరుగుతోందో అతనికి తెలియడం మానేసింది. మధ్యలో దుప్పటి కప్పుకున్న మనిషి ఒక చుట్టులో అయ్యవారిలా ఉన్నాడు. ఇంకో చుట్టులో ఎవరో ఎత్తడం మరిచిన ఉప్పురాశిలా ఉన్నాడు. ఇంకో చుట్టులో, వానకు తడిసి ముద్దై తల మీద కొంగు లాక్కుని నిలబడ్డ ఆడమనిషిలా ఉన్నాడు.

అయ్యవారు ఏదో చెబుతున్నారు. కారు దగ్గరికి వచ్చినప్పుడు ఒక ముక్క వినిపిస్తుంది, గాలి మిగతాది ఎత్తుకుపోతుంది.

"ఇదిగో, ఇది ప్రదక్షిణం, జోగీ..."

టక టక టక.

"...ఇన్నాళ్ళూ నువ్వు తిరిగినది అటు వైపు..."

టక టక.

"...ఎడమగా తిరిగేది కాటి దగ్గర ఒక్కచోటే. అదీ ఒక పూట పని."

జోగినాయుడి కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. కారు ఆగింది. ఉప్పు మాత్రం ఇంకాసేపు తిరుగుతూనే ఉంది.

అయ్యవారు దగ్గరికి వచ్చి, ఏమీ అననట్టు చక్రాలవైపు చూశారు. "కుడికి తిరుగుతుంటే మోగుతోందని కుడి చక్రాన్ని అనుమానించావు, అవునా?"

"అవునండి. ఆమధ్య విప్పి కూడా చూశాను. శుభ్రంగా ఉంది."

"శుభ్రంగానే ఉంటుంది. అది నా వైపే ఉంది, ఒక్కసారీ నోరు మెదపలేదు. మోగుతున్నది అవతలిది. కుడికి తిరిగేటప్పుడు బరువంతా ఎడమ చక్రం మీద పడుతుంది. ఎడమది విప్పు."

డిక్కీ తెరిస్తే జాకీ, స్పానర్లు, కిరసనాయిలు సీసా, వాటి కింద జాయింటుకు తొడిగే కొత్త రబ్బరు బూటు, కాగితం కూడా విప్పనిది ఒకటి, మూత తియ్యని గ్రీజు డబ్బా ఒకటి ఉన్నాయి. అయ్యవారు కనుబొమలు ఎత్తారు.

"ఇవి ఎప్పటివి?"

"చాన్నాళ్ళ కిందటే కొన్నానండి" అన్నాడు జోగినాయుడు, ఆయన కళ్ళలోకి చూడకుండా.

యాక్సిల్ నట్టు తుప్పు పట్టి కదలనంది. చక్రం తిరిగిపోకుండా బ్రేకు తొక్కి పట్టే పని అయ్యవారికి పడింది. ఆయన డ్రైవరు సీట్లో పద్మాసనం తప్ప అన్ని ఆసనాలూ ప్రయత్నించి, చివరికి రెండు కాళ్ళూ బ్రేకు మీద పెట్టి కళ్ళు మూసుకున్నారు. అది ధ్యానమో కునుకో జోగినాయుడు తొంగి చూసే సాహసం చెయ్యలేదు. నట్టు ఊడింది. సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే జాయింటు చేతిలోకి వచ్చింది. దాన్ని కప్పి ఉంచే రబ్బరు బూటు మీద గోటిగాటంత చీలిక. అంతే. ఆ చీలికలోంచే లోపలి గ్రీజు మెల్లగా బయటికి పోయింది, బయటి ఇసుక మెల్లగా లోపలికి వచ్చింది.

అతను చతికిలబడి, ఉక్కు గుళ్ళను ఒక్కొక్కటే వేలితో ఊడదీసి కిరసనాయిల్లో కడగసాగాడు. నల్లటి మడ్డి ఉప్పు మీద కారుతోంది.

"పగిలిందా?" అడిగారు అయ్యవారు.

"లేదండి. అరిగింది. గుళ్ళు దొర్లే గాడుల్లో సన్నగా పల్లాలు పడ్డాయి." గుడ్డతో తుడుస్తూ, ఆ గుండుతోనే మాట్లాడుతున్నట్టు చెప్పుకుపోయాడు. "అమ్మ పోయిన రోజు తుపానండి. చెట్లు పడి రోడ్లన్నీ మూసుకుపోయాయి. నడిచీ, ఈదీ వచ్చాను. వచ్చేసరికి బూడిద. అక్క తడిసిపోయి నిలబడి ఉంది. నా కోసం ఆగలేదు గనుక నువ్వు నాకు అక్కవే కాదన్నాను. అందరి ముందూ అన్నాను. తర్వాత ఆ వైపు వెళ్ళలేదు." ఇంకో గుండు తీసుకున్నాడు. "ఎంతసేపు ఆగావని మాత్రం అడగలేదండి."

అయ్యవారు గ్రీజు డబ్బా మూత తీసి అందించారు. జోగినాయుడు గాడుల నిండా గ్రీజు నింపి, గుళ్ళు వాటి వాటి చోట కూర్చోబెట్టి, కొత్త బూటు తొడిగి, రెండు కొసలా క్లిప్పులు బిగించాడు. చక్రం ఎక్కించేసరికి మంచు విడి ఎండ వచ్చింది.

"కొత్తదానిలా అయిపోతుందా?"

"అవదండి. పడ్డ పల్లం పూడదు కదా. కానీ నడుస్తుంది."

"నడిపి చూడాలంటే ఒక కుడి మలుపు కావాలి" అన్నారు అయ్యవారు, దారిన పోయే మాటలా.

చుట్టు తిరిగి మళ్ళీ తోపు వైపు నుంచే కూడలికి వచ్చాక జోగినాయుడు స్టీరింగును ఎంతసేపు పట్టుకు కూర్చున్నాడంటే వెనక ఎడ్లబండివాడు దిగి బీడీ వెలిగించుకున్నాడు. చివరికి కారు కుడికి తిరిగింది. మెత్తగా, నిద్దట్లో ఒత్తిగిలినట్టు తిరిగింది.

పైడమ్మ వాకిట్లో నెత్తళ్ళ చేపలు ఎండబెడుతోంది. కారు చూసి లేవలేదు.

"ఎవులిదో ఆ కారు? సంతలో సూసిన మా జోగిగాడిదిలాగుంది. అయితే ఇటు తిరిగింది గాబట్టి ఆడిది కాదు."

జోగినాయుడు దిగాడు. దారంతా కూర్చుకున్న మాటలు ఎక్కడో జారిపోయాయి. ఒక్కటే మిగిలింది.

"అక్కా, ఆ రోజు నాకోసం ఎంతసేపు చూశావే?"

పైడమ్మ చేతికంటిన పొలుసులు చీర కుచ్చెళ్ళకు తుడుచుకుంది. చాలా నెమ్మదిగా తుడుచుకుంది.

"ఇన్నాళ్ళకా అడగడం? వోన తెరిపిచ్చిందాకా సూసినాను. తెరిపిచ్చినాక కూడా సూసినాను. మల్లీ మబ్బు కమ్ముకొస్తంది, కర్రలు తడిసిపోతాయమ్మా అని ఊరంతా గోల. కుండ పట్టడానికి కొడుకు లేడు. నేనే బుజానెట్టుకుని తిరిగినాను, నీ పేరు సెప్పుకుని. ఆడది తిరగడవేటని అన్నారు. అననీ అన్నాను." ఆమె నెత్తళ్ళను ఒకసారి తిరగేసింది. "నీ వొంతు తిరుగుడు ఆ రోజే అయిపోనాదిరా, నాయనా. నువ్వింకా ఎక్కడెక్కడ తిరుగుతున్నావో నాకేటి తెలుసు."

జోగినాయుడు అక్కడే, నెత్తళ్ళ పక్కన, నేల మీద కూలబడ్డాడు. మనసులో చప్పుడు లేదన్నవాడు చేసిన చప్పుడుకు కాకులు లేచిపోయాయి. పైడమ్మ కాసేపు చూసి, "అయ్యవారొచ్చినారు, సిగ్గులేదేట్రా? లే, కాళ్ళు కడుక్కో, సల్దన్నం ఉంది" అని తలుపు బార్లా తెరిచింది. అయ్యవారు చెప్పులు గడప బయట విడిచి, పిలవకముందే పీట మీద కూర్చున్నారు.

ఎండ నడినెత్తికి వచ్చాక బయల్దేరారు. ఆ రోజు సంతా లేదు, కొత్తిమీరా లేదు. వాకిట్లో కారు మళ్ళించడానికి జోగినాయుడు స్టీరింగును కుడికి తిప్పాడు. చాలా చిన్నగా, ఒక్కసారి, టక్కుమంది.

అతను ఆపేశాడు. అద్దంలో పైడమ్మ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"అయ్యవారూ, ఇంకా మోగుతోందండి" అన్నాడు, పొద్దున అడిగిన ప్రశ్ననే మళ్ళీ అడుగుతున్నట్టు.

అయ్యవారు అలవాటుగా కాళ్ళ దగ్గర తడుముకున్నారు. అక్కడ చెప్పులు లేవు.

"చెప్పులు మీ అక్క గడప దగ్గర వదిలేశాను. రేపు నువ్వే వచ్చి తీసుకురా. చప్పుడంటావా, మోగనీ. తిరుగుతున్నామని తెలుస్తుంది."